యేసయ్య చెప్పాడన్న మనిషి

నేను రాసిన తప్పు దేవుడి మాటగా నాకే వినిపించింది. ఆ మనిషిని చూసి నాకు మొదటిసారి భయం వేసింది ఆ క్షణంలోనే.

ఆదివారం ప్రార్థన కూడిక. రేకుల షెడ్డులో వెనక వరసలో చాప మీద కూర్చున్నాను. చిన్నోడు నా ఒళ్ళో ఉన్నాడు. పక్కన మా పాప రూతు, దాని పక్కన మా అత్తయ్య. ముందు ఆ మనిషి, మేమంతా అయ్యగారూ అని పిలిచే ఆయన, నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి పైకెత్తి, ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు తల కాస్త పక్కకి వంచాడు.

"ఇక్కడ ఒక తల్లి ఉంది. ఆమెకి ఒక్కడే కొడుకు. తాగుడికి బానిసైపోయాడు" అన్నాడు.

మరియమ్మ పెద్దమ్మ ఏడుస్తూ లేచి నిలబడింది. పత్తి తీతలకీ మిరప కోతలకీ వెళ్ళే మనిషి. మాకు రెండిళ్ళ అవతల ఉంటుంది.

"ప్రభువు నాకు చూపిస్తున్నాడమ్మా. చీమకుర్తి. రాళ్ళు. ఇంతింత నల్లరాళ్ళు. ఆ రాళ్ళ మధ్య నీ బిడ్డ..."

పెద్దమ్మ ఏడుపు ఆగిపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "మావోడు ఉండేది పొదిల్లో గదయ్యా. బట్టల కొట్లో" అంది.

ముందురోజు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఆమె చెబుతుంటే కూడిక డబ్బాలో వేయడానికి ఆమె ప్రార్థన చీటీ రాసింది నేనే. మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ కటింగ్ యూనిట్లో క్రేన్ నడుపుతాడు. చీటీ రాసే ముందే ఆయనతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాను. ఆ ధ్యాసలో పొదిలి అని రాయాల్సిన చోట చీమకుర్తి అని రాశాను. రాసినట్టు ఆ ఆదివారం దాకా నాకే తెలియదు. ప్రపంచం మొత్తం మీద ఆ తప్పు ఉన్నది ఒక్క ఆ చీటీలోనే.

అయ్యగారు కళ్ళు తెరవలేదు. తడబడలేదు. "ఇంకా వెళ్ళలేదు తల్లీ, వెళ్ళబోతున్నాడు. ప్రభువు ఆపమంటున్నాడు" అన్నాడు. షెడ్డంతా స్తోత్రాలతో మారుమోగింది. నా పక్కన అత్తయ్య రెండు చేతులూ ఎత్తింది.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. పోయినవారం మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఫోన్లో ఒక పోస్టరు చూపించి, "అక్కా, ఈయన అప్పట్లో మీ ఊళ్ళో ఉన్నాయన కదా?" అని అడిగింది. స్వస్థత కూడికలట, మూడు రోజులట. అదే తెల్లచొక్కా, అదే పక్కకి వంచిన తల. బిరుదు మాత్రం వేరే ఉంది. అప్పట్లో దైవసేవకుడు, ఇప్పుడు అపొస్తలుడు. అప్పటినుంచి పిల్లలు పడుకున్నాక నాకు నిద్ర పట్టడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయడం లేదు. దాచడానికి కాదు, నాకు నిజంగా తెలియదు. సత్తెనపల్లికి దగ్గర్లో ఒక గ్రామ సచివాలయంలో నాది డిజిటల్ అసిస్టెంట్ ఉద్యోగం. మా ఊరి ఇళ్ళ వివరాలు రాసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయన అద్దెకుండే వాటా దగ్గర కూడా ఆగాను.

"పేరు చెప్పండి అయ్యగారూ."

"దేవుని దాసుడు అని రాసుకో సిస్టర్."

"ఇంటిపేరు?"

"క్రీస్తువారి కుటుంబం."

నవ్వేశాను. మంచి మాట అనుకున్నాను కూడా. ఆ గడి ఖాళీగా వదిలేసి పక్కింటికి వెళ్ళిపోయాను. ఇంకెవరి దగ్గరైనా అలా వదిలేదాన్ని కాదు.

తెల్లచొక్కా, తెల్లబూట్లు. మిరపకాయలు ఎండబెట్టే రోజుల్లో మా ఊరి గాలికి కూడా ఎర్రరంగు వస్తుంది. ఎవరి బట్టలూ శుభ్రంగా ఉండవు. ఆయనవి ఉండేవి. ఘాటుకి ఊరంతా తుమ్ముతుంటే ఆయన సెంటు కొట్టిన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచేవాడు. పిల్లలందరి పేర్లూ ఆయనకి గుర్తుండేవి. ఎవరింటికి వెళ్ళినా ముందు పిల్లల్నే పలకరించేవాడు. అది నాకు చాలా నచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే అదే నచ్చడం లేదు.

ఆయన నోట "నేను" అన్న మాట వినడం అరుదు. పెరుగు వడ్డించబోతే, "ఈ పూట ప్రభువు పెరుగు వద్దంటున్నాడమ్మా" అనేవాడు. ఎండలో నడవాల్సి వస్తే, "ఎవరిదైనా బండి తెమ్మని ప్రభువు సెలవు" అనేవాడు. మా అత్తయ్యకి ఈ మాటలు తేనెలా ఉండేవి. మా మామయ్యకి మాత్రం ఎక్కేవి కావు.

"ఏమేవ్, మనింట్లో కోడి కోసిన రోజునే పంపిస్తాడేందే మీ ప్రభువు? పప్పుచారు కాసిన రోజున పంపడే?"

"నోర్ముయ్యండి. సేవకుల్ని అంటే కళ్ళు పోతాయి."

"పోతే పోయినయ్యి. కాలు పీస్ ఎటుబోయిందో చూసే బాధ తప్పుద్ది."

మేం తరతరాలుగా చర్చికి వెళ్ళేవాళ్ళమే. మా పుట్టింటి ఊళ్ళో ముసలి అయ్యగారు ఒకాయన ఉండేవారు. మా నాన్న పోయినప్పుడు నేను ఆయన్ని, "ఎందుకిలా చేశాడండీ దేవుడు?" అని అడిగాను. ఆయన, "నాకు తెలీదమ్మా" అన్నారు. తర్వాత వచ్చి వరండాలో మాతోపాటు కింద కూర్చున్నారు. ఆ మాట అప్పట్లో నాకు చేదుగా తోచింది. ఈ తెల్లచొక్కా మనిషికి మాత్రం తెలియనిదంటూ లేదు. ఎవరికి ఎందుకు జ్వరమొచ్చిందో, ఎవరి బోరు ఎందుకు ఎండిందో అన్నిటికీ జవాబు సిద్ధంగా ఉండేది.

మా ఆఫీసులో నేను నేర్చుకున్న సంగతి ఒకటుంది. ఆధార్ పని మీద వచ్చేవాళ్ళని పుట్టిన సంవత్సరం అడిగితే, కార్డు నిజంగా తనదైన మనిషి తడబడతాడు. "ఏమోనమ్మా, పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టానంటారు" అంటాడు. వేలిముద్ర కూడా ఒక పట్టాన పడదు. కోతలకి వెళ్ళే ఆడవాళ్ళ వేళ్ళు అరిగిపోయి ఉంటాయి. తుడిచి, నూనె రాసి, మళ్ళీ తుడిచి, నాలుగైదుసార్లు పెట్టిస్తే గానీ మిషను తీసుకోదు. ఒకరోజు ఒకతను వేరేవాళ్ళ కార్డు పట్టుకొచ్చాడు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, డోరు నంబరు అన్నీ గడగడా చెప్పాడు. అంత గడగడా చెప్పడం చూసే నాకు అనుమానం వచ్చింది. వేలు పెట్టమంటే బండికి తాళం వేసి వస్తానని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.

ఆఫీసులో ఇంత తెలివి ఉన్నదాన్ని, కూడికలో ఆ తెలివిని చెప్పులతోపాటు బయటే వదిలేసి కూర్చునేదాన్ని.

చీటీల పద్ధతి ఆయన పెట్టిందే. శనివారం సాయంత్రం ఎవరి మనవి వాళ్ళు రాసి, మూతకి చిల్లు పెట్టిన స్వీటు డబ్బాలో వేయాలి. "మనుషులెవరూ చదవరు. ప్రభువే చదువుతాడు" అనేవాడు. ఆదివారం కూడిక చివర చీటీలన్నీ ఇత్తడి పళ్ళెంలో పోసి అంటించేవాడు. పొగ రేకుల కిందకి చేరుతుంటే ఆడవాళ్ళు మెడలు ఎత్తి చూసేవాళ్ళు. చదువు రానివాళ్ళు మా అరుగు మీదకి వచ్చేవాళ్ళు, నేను రాసిపెట్టేదాన్ని. ఊరి బాధలన్నీ నా చేతిరాతలో ఆ డబ్బాలోకి వెళ్ళాయి.

ఆ సోమవారం మరియమ్మ పెద్దమ్మని బజారు పంపు దగ్గర పట్టుకుని ఉన్న సంగతి చెప్పాను. "పెద్దమ్మా, చీమకుర్తి అని తప్పు రాసింది నేను. ఆయన చీటీ చదివాడు."

ఆమె బిందె చంకనెత్తుకుంటూ నా వంక జాలిగా చూసింది. "పిచ్చిదానా, తప్పు రాసింది నువ్వే. రాయించింది ఎవురు? ఆయనే గదా!"

నిజం చెప్పాలంటే ఆ మాటకి జవాబు నేను వెతకలేదు. ఎందుకంటే నాకూ ఒక భయం ఉంది. మా రూతుకి ఐదో ఏట నుంచి ఫిట్స్. గుంటూరు డాక్టరమ్మ మాత్రలు రాసింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. "ఒక్క పూట కూడా తప్పకూడదు. తగ్గిందని మీ అంతట మీరు ఆపారంటే మొదటికొస్తుంది" అని వేలు చూపించి మరీ చెప్పింది. ఆ మాత్రలతో ఎనిమిది నెలలుగా ఒక్కసారి కూడా రాలేదు. అదంతా అయ్యగారి ప్రార్థన వల్లేనని అత్తయ్య నమ్మకం. మాత్రల వల్లేనని నాకు తెలుసు. కానీ ఆయన్ని ఎదిరించిన మర్నాడే బిడ్డకి ఏమైనా అయితే? ఆ ఆలోచన రాగానే నోరు మూసుకున్నాను. చీటీలు రాయడం మానేశాను, అంతే. ఆఫీసు పని ఎక్కువైందని సాకు చెప్పాను. కూడికకి వెళ్ళడం మానలేదు.

అప్పటినుంచి ఆయన్ని గమనించడం మొదలుపెట్టాను. ఆయన కూడా నన్ను గమనించడం మొదలుపెట్టాడు. చూపు షెడ్డంతా తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగేది. ఒక ఆదివారం, "మన మధ్య చదువుకున్న ఒక సహోదరి ఉంది. తెలివి ఎక్కువైన చోట విశ్వాసం చిన్నబోతుంది" అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఊళ్ళో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని నేనొక్కదాన్నే.

పదిహేను రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం బడి నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, రూతు పడిపోయిందండి. త్వరగా రండి."

నేను వెళ్ళేసరికి టీచరు దాన్ని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి ఉంది. నోటి పక్కన నురగ. యూనిఫాం తడిసిపోయింది. ఆటోలో సత్తెనపల్లి తీసుకెళ్ళేదాకా నా బిడ్డ నన్ను గుర్తుపట్టలేదు. ఆ దారి గురించి ఇంతకన్నా రాయలేను.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు. "మాత్రలు వేస్తున్నారా?"

"రోజూ నా చేత్తోనే ఇస్తున్నానండి."

"ఇవ్వడం కాదమ్మా. మింగడం చూస్తున్నారా?"

పొద్దున చిన్నోడికి అన్నం తినిపిస్తూ, ఇంకో చేత్తో రూతు అరచేతిలో మాత్ర పెట్టి నీళ్ళ గ్లాసు అందిస్తాను. మింగావా అంటే ఊఁ అంటుంది. బస్సు టైమవుతుంటుంది. రాత్రి కూడా అంతే. చూడటం లేదు.

సాయంత్రం ఇంటికి తెచ్చాక దాని బడిసంచి తెరిచాను. పెన్సిలు డబ్బాలో, అడుగున వేసిన కాగితం కింద ఉన్నాయి. తెల్లటి చిన్న మాత్రలు. కొన్ని తడికి అంటుకుపోయాయి. ఐదు రోజులవి.

రూతు మంచం మీంచి చూస్తోంది. నేను అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు.

"ఎందుకు దాచావమ్మా?"

"యేసయ్య వద్దన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"అయ్యగారు వచ్చినప్పుడు. నా తల మీద చెయ్యి పెట్టి యేసయ్య మాట్లాడాడు. నీకు బాగు చేసేశాను, ఇంక బిళ్ళ మింగితే నన్ను నమ్మనట్టే అన్నాడు. అమ్మకి చెప్పొద్దన్నాడు. అమ్మకి విశ్వాసం చిన్నదంట."

గుమ్మంలో నిలబడిన అత్తయ్య చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

ఆయన ఆ సాయంత్రమే వచ్చాడు. కబురు ఎవరు చెప్పారో తెలియదు. తెల్లచొక్కా, చేతిలో నూనె సీసా. "వందనాలు. బిడ్డకి బాలేదని ప్రభువు చూపించాడు" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మామయ్య నులకమంచం మీంచి లేవలేదు, పలకరించలేదు. నేను మాత్రలున్న పెన్సిలు డబ్బా తీసుకొచ్చి ఆయన ముందు స్టూలు మీద పెట్టాను.

"ఇవి మానమని మా పాపకి ఎవరు చెప్పారండీ?"

"నేను కాదు సిస్టర్. ప్రభువు."

"అమ్మకి చెప్పొద్దని?"

"అది కూడా ప్రభువే. మీ విశ్వాసం ఆయనకి తెలుసు."

"ఎవరి తరఫునైనా మా ఆఫీసుకి వస్తే, ఆ మనిషి మిమ్మల్ని పంపినట్టు రుజువేంటని అడుగుతాం. మీకేం రుజువుంది?"

ఆయన నవ్వాడు. కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదేమో. గొంతు బాగా తగ్గించి, "పరిశుద్ధాత్మని శంకించినవాళ్ళకి క్షమాపణ లేదు సిస్టర్. రేపు బిడ్డకి మళ్ళీ వస్తే ఎవరిని అడుగుతారు? బాగా ఆలోచించుకోండి" అన్నాడు.

డిగ్రీ చదివాను, రోజూ వందమంది వేలిముద్రలు చూస్తాను. అయినా ఆ ఒక్క మాటకి, రేపు బిడ్డకి మళ్ళీ వస్తే అన్న మాటకి, ఆయన కాళ్ళ మీద పడిపోతానేమో అనిపించింది.

అప్పుడు అత్తయ్య ముందుకొచ్చింది.

"అయ్యగారూ, ఒకటి అడుగుతా. మీరు పాప తల మీద చెయ్యి పెట్టినప్పుడు నేను పొయ్యి కాడ మీకు టీ పెడతన్నా. నాలుగడుగుల దూరం. నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మా, అది..."

"దీనికి విశ్వాసం చిన్నది. సరే. నాది పెద్దదని మీరే గదా అంటిరి? మరి నాకు వినపడకుండా చంటిదాని చెవిలో ఎందుకు చెప్పాడు మీ ప్రభువు?"

"మిమ్మల్ని కూడా పరీక్షించాడమ్మా" అన్నాడు ఆయన. వెంటనే అన్నాడు. రెప్ప కూడా వేయలేదు.

అత్తయ్య ఏడాదిన్నరగా ఈ మనిషికి ముందు వడ్డించి తర్వాత మాకు పెట్టింది. "లేవండి" అంది. అంతే. ఆయన లేచాడు. నూనె సీసా స్టూలు మీద వదిలేసి వెళ్ళబోతే, "అది గూడా" అంది.

నెల తిరక్కుండా వాటా ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ప్రభువు తనని సేవకి వేరే పొలానికి పంపుతున్నాడని చెప్పాడట. మరియమ్మ పెద్దమ్మ ఇప్పటికీ మా అత్తయ్యతో సరిగ్గా మాట్లాడదు. వాళ్ళబ్బాయి పొదిల్లోనే ఉన్నాడు. చీమకుర్తి వెళ్ళకుండా ప్రభువు ఆపాడని ఆమె లెక్క.

ఆ మనిషి మోసగాడని నాకు తెలుసు. ఆయనకి తెలుసా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేను. ఇంకొకరి పేరు ఏళ్ళ తరబడి వాడినవాడు తన గొంతు ఏదో మరిచిపోతాడేమో. ఒంటరిగా ఉన్నప్పుడు, పెరుగు కావాలనిపించినప్పుడు ఏమని అనుకుంటాడో.

అత్తయ్య ఆయన్ని లేపి పంపిన మర్నాడు పొద్దున జరిగింది రాసి ఆపేస్తాను.

ఆ రోజు నేను సెలవు పెట్టాను. పిల్లలిద్దరూ వంటింట్లో పీటల మీద కూర్చున్నారు. రూతు ముందు మాత్ర, నీళ్ళు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. అది మాత్ర తీసుకోలేదు. అరచెయ్యి మూసుకుని అడిగింది.

"అమ్మా, యేసయ్య నాకు అబద్ధం చెప్పాడా?"

రాత్రంతా ఆ తెల్లచొక్కా మనిషి మీద ఉన్న కోపం ఆ ఒక్క ప్రశ్నతో రెట్టింపైంది. పేరు దొంగిలించి వాడుకున్నది ఆ మనిషి, బిడ్డ ముందు దోషిగా నిలబడింది యేసయ్య. మా ఆఫీసుకి ఒక ముసలామె వచ్చి ఏడ్చిన సంగతి గుర్తొచ్చింది. ఎవడో ఆమె ఆధార్ జిరాక్సు పెట్టి సిమ్ము తీసుకుని, ఎవరెవరినో బెదిరించాడు. పోలీసులు వచ్చింది ఆమె ఇంటికి. అది పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాను. "ఫోన్లో ఆ మాటలన్నది అవ్వ కాదు. కానీ పేరు అవ్వదే పడింది. అవ్వ ఏమీ చెయ్యలేదు. అలాగే, నీతో అన్నది యేసయ్య కాదు. ఆయన పేరు పెట్టుకుని ఒక మనిషి అన్నాడు."

రూతు ఆలోచించింది. దానికి ఏడేళ్ళు. ఆలోచిస్తే కింది పెదవి లోపలికి పోతుంది.

"మరి పొట్లకాయ కూర పారేస్తే యేసయ్య ఏడుస్తాడని నువ్వు చెప్తావుగా? అది ఆయనే చెప్పాడా?"

వాకిట్లో మామయ్య దగ్గారు. అది నవ్వో దగ్గో తెలియలేదు.

"లేదు. అది నేను కల్పించింది. మీరు తినడం లేదని అలా అన్నాను" అన్నాను.

"ఆయన పేరు పెట్టి?"

"ఆయన పేరు పెట్టే. తప్పే. ఇంక అలా అనను. ఇకనుంచి నాకు కావాల్సింది నేనే అడుగుతాను. ఈ మాత్ర వేసుకోమని చెప్పింది గుంటూరు డాక్టరమ్మ. ఎందుకని ఆమెని అడగొచ్చు, ఈసారి వెళ్ళినప్పుడు నువ్వే అడుగు. యేసయ్య చెప్పాడని ఎవరన్నా సరే, నేనన్నా సరే, నాయనమ్మ అన్నా సరే, ఎందుకని అడగండి. అడిగితే కోప్పడేవాళ్ళ దగ్గర, అమ్మకి చెప్పొద్దనేవాళ్ళ దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి. పరిగెత్తి వచ్చేయండి."

రూతు మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. నేను అడక్కుండానే నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించింది.

అంతసేపూ వింటూ కూర్చున్న చిన్నోడు, "అయితే పొట్లకాయ తినక్కర్లేదా?" అన్నాడు.

"తినాలి."

"ఎవరు చెప్పారు?"

"నేను చెప్తున్నాను" అన్నాను.